పచ్చరంగు వీధి

చైత్ర ఉద్యోగం ఊళ్ళకు రంగులు వేయడం. బాగేపల్లి పక్కన చిత్రావతి నది ఒడ్డు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, పోయినసారి వరద ఎంత ఎత్తుకు వచ్చిందో అడిగి ఫోనులో ఎక్కిస్తుంది. శాటిలైటు తీసిన బొమ్మతో కలిసి అది మ్యాపు అవుతుంది. మునిగే ఇంటికి ఎరుపు, మునగని ఇంటికి పచ్చ. బెంగళూరు బస్సు ఎక్కే పని లేకుండా సొంత తాలూకాలోనే కాంట్రాక్టు పని దొరికిందని మురిసిపోయిన పిల్ల.

మన జనం సంగతి తెలిసిందే, ఏ ఎండకా గొడుగు. పరిహారం పంచిన ఏడాది గొంతుదాకా నీళ్ళన్నవాళ్ళే, ఎరుపు పడితే స్థలం ఎవరూ కొనరని తెలిశాక పాదాలు తడిశాయంతే అన్నారు. చైత్ర పెద్దమ్మ చౌడమ్మ అయితే గోడమీది వరద మరకకు సున్నం కూడా కొట్టించింది. ఆ వరదరోజు చైత్ర ఆ పెంకుటింట్లోనే ఉంది, రొమ్ములోతు నీళ్ళలో బయటపడింది. అయినా పెంచిన మనిషి గడ్డం పట్టుకుని బతిమాలితే కాదనలేక పచ్చ వేసింది. ఆ వీధిలో మిగతా ఇళ్ళు కాస్త ఎత్తు, పాదాలే తడిశాయంటే నమ్మింది.

ఈ ఏడు వాన వదలకుండా పట్టుకుంది. ఒకరోజు మధ్యాహ్నానికి ఎగువ చెరువు కట్ట తెగేలా ఉందని కబురొచ్చింది. తాలూకా ఆఫీసువాళ్ళు మ్యాపు చూసి ఎరుపు ఇళ్ళవాళ్ళను ట్రాక్టర్లలో స్కూలుకు చేరుస్తున్నారు. చౌడమ్మ వీధి మొత్తం పచ్చ కాబట్టి అటు ఎవరూ వెళ్ళలేదు. చైత్ర ఫోను చేస్తే పెద్దమ్మ నింపాదిగా, తాను పెంచే పట్టుపురుగులు గూళ్ళు కడుతున్నాయని, వాటిని వదిలి రానని, తన ఇంటికి భయం లేదని మ్యాపే చెబుతోందని అంది. ఆడిన అబద్ధాన్ని తానే నమ్మేసింది మహాతల్లి.

ఉద్యోగం మీద ఆశ వదులుకుని ఆఫీసరు సీనప్ప ముందు నిలబడింది.

"సార్, ఆ ఇల్లు మునిగేదే. తెలిసి తెలిసీ నేనే పచ్చ ఎక్కించినాను."

సీనప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. తిట్టడానికి కూడా వ్యవధి లేదు. ఒక ట్రాక్టరును అటు పొమ్మన్నాడు.

చైత్ర ఎక్కిన ట్రాక్టరు చేరేసరికి నీళ్ళు గడప దాటాయి. చౌడమ్మ పురుగుల తట్టలను అటక మీదికి ఎక్కిస్తోంది. చైత్ర ఆమె రెక్క పట్టుకుని లాక్కొచ్చి ట్రాక్టరు ఎక్కించింది. పెద్దమ్మ పురుగుల కోసం శాపనార్థాలు పెడుతూనే ఉంది. నాలుగిళ్ళు దాటాక, ఒక కిటికీలోంచి పొయ్యి పొగ రావడం చూసి ఉన్నట్టుండి నోరు మూసింది.

ఏమైందని అడిగింది చైత్ర.

"నా ఇంటి సంగతి నీకు తెలుసు గాబట్టి వస్తివి," అంది చౌడమ్మ. "ఈ వీదిలో అందురిచేతా పాదాలే తడిసినాయని చెప్పిచ్చింది నేనే. అందురూ లోపలే ఉండారమ్మా."

చైత్ర ట్రాక్టరు ఆపించింది. నీళ్ళు అప్పటికే మోకాళ్ళు దాటాయి. పెద్దమ్మ ఒక వరస, చైత్ర ఒక వరస పట్టుకుని తలుపులు బాదడం మొదలుపెట్టారు.