బట్టలు బంద్

ఒక్క మాటతో ఒక మనిషి ప్రాణం మీదికి తేవచ్చని నాకు యాభై దాటాక తెలిసింది. అదీ క్రిస్మస్ పుణ్యమా అని.

మాది వరంగల్‌లో కొత్తవాడ. తాత కాలంలో చర్చికి వచ్చిన నేతవాళ్ళం. మా నాయిన ఒంట్లో శక్తి ఉన్నంతకాలం మగ్గం మీద జంపఖానాలు నేశాడు. నేను మగ్గం వదిలేసి లెక్కల టీచరునయ్యాను. మాకు దేవుడు మారాడు గానీ పెట్టుపోతలు మారలేదు. క్రిస్మస్ వచ్చిందంటే ప్రతి ఇంటివాళ్ళూ మిగతా ఇళ్ళవాళ్ళందరికీ బట్టలు పెట్టాలి. మా ఇల్లు, తమ్ముడి ఇల్లు, చెల్లె ఇల్లు, ఏటూరునాగారంలో మా మేనత్త ఇల్లు. చంటిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా ఎవరినీ వదలడానికి లేదు. డిసెంబరు మొదలైన దగ్గర్నుంచీ మా ఆవిడా నేనూ లిస్టు పట్టుకుని బట్టల దుకాణాల చుట్టూ తిరిగేవాళ్ళం. కొన్నవాటిలో ఒంటి మీదికి వచ్చేవి ఎన్నో ఆ దేవుడికే తెలియాలి. నేను మా మేనత్త కొడుక్కు పెట్టిన నీలం షర్టు బిట్టు మూడేళ్ళపాటు నాలుగిళ్ళూ తిరిగి, అదే మడతలో, అదే కవరులో మళ్ళీ నా చేతికే వచ్చింది. మా ఆవిడ పడీపడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ఇక చీటీలు వేద్దామని అప్పుడే తీర్మానించుకున్నాను. క్రిస్మస్ నాడు అందరి పేర్లూ రాసి గిన్నెలో వేస్తే, ఒక్కొక్కరు ఒక్క చీటీ తీయాలి. ఎవరి పేరు వస్తే వాళ్ళొక్కరికే, కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక, పనికొచ్చే వస్తువు ఏదైనా ఇవ్వాలి. బట్టలు మాత్రం కాదు. ఇంత సులువైన దారి ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదేమిటా అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

"ఏటూరునాగారం అత్తమ్మకు గ్రూపుల చెప్పకు. పోయి చెప్పు, లేకుంటె ఫోనన్న చెయ్యి" అంది మా ఆవిడ.

"అందరికి ఒకటే రూలు" అన్నాను. క్లాసులో మాట్లాడినట్టే ఇంట్లోనూ మాట్లాడతానని ఆమెకు పెళ్ళయిన నాటి నుంచీ కంప్లైంటు.

డిసెంబరు రాగానే ఫ్యామిలీ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. "అందరు వినుండ్రి. ఈ క్రిస్మస్ సంది మన ఇండ్లల్ల బట్టలు బంద్. ఎవ్వలు ఎవ్వలకు పెట్టేది లేదు, తెచ్చేది లేదు. ఇగ ఏ ఫికర్ లేదు." తమ్ముడు బొటనవేలి బొమ్మ పెట్టాడు. చెల్లె వరసగా చప్పట్ల బొమ్మలు పెట్టింది. మేనత్త కూడా విన్నట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఆమె నుంచి జవాబు రాలేదు.

మేనత్త మా నాయిన కంటే మూడేళ్ళు పెద్ద. మామ ఫారెస్టు ఉద్యోగం ఏటూరునాగారంలో కాబట్టి పెళ్ళయ్యాక అక్కడే ఉండిపోయింది. మామ పోయాక కొడుకూ కోడలి దగ్గర ఉంటోంది. ఆ డిసెంబరుకు ఆమె గుండెలో ఒక కవాటం పూర్తిగా పాడైపోయింది. జనవరిలో హన్మకొండ దవాఖానలో ఆపరేషన్‌కు రోజు కూడా ఖాయమైంది. ఆలస్యం చేస్తే మనిషి దక్కదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు.

నేను మెసేజ్ పెట్టిన నాలుగో రోజు, స్కూల్లో ఉండగా, ఆమె కొడుకు ఫోన్ చేశాడు. వరసకు నాకు బావ.

"బామ్మర్ది, అమ్మ ఆపరేషన్ వద్దంటాంది. నాలుగు రోజుల సంది గదే మాట. ఎందుకే అంటె చెప్తలేదు. గోలీలు గూడ సక్కగ ఏసుకుంటలేదు. నువ్వు చెప్తె వింటది, జర మాట్లాడు."

నాలుగు రోజులనగానే నా మెసేజ్ గుర్తొచ్చింది. ఆపరేషన్‌కూ బట్టలకూ ఏం సంబంధమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రం మూడుసార్లు ఆమెకు ఫోన్ చేశాను. మూడుసార్లూ పూర్తిగా మోగి ఆగిపోయింది. నా నంబరు చూస్తే రెండో రింగుకే ఎత్తి, "చెప్పు అల్లుడా, బువ్వ తిన్నవా" అనే మనిషి ఆమె. ఆ రాత్రి మా ఆవిడ అన్నం పెట్టి తన పని చూసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కాను. ఎనుమాముల మార్కెట్టుకు పత్తి లోడుతో వచ్చే వ్యాన్లు ఎదురవుతున్నాయి. ములుగు దాటేదాకా ఏం మాట్లాడాలో మనసులో రాసుకున్నాను, కొట్టేశాను, మళ్ళీ రాసుకున్నాను. మేడారం దారి చీలేచోట సగం మంది దిగిపోయారు. అక్కడి నుంచి అడవి. ఫోన్లో సిగ్నల్ పోయింది. ఈ కాస్త దూరంలోనే బావ ఫోన్ చేస్తాడేమో, నాకు అందదేమో అని ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను.

మేనత్త వాకిట్లో కుర్చీ వేసుకుని ఉంది. నేను వస్తున్నానని తెలిస్తే మేం పెట్టిన చీరే కట్టుకుని ఎదురుచూడటం ఆమె అలవాటు. బావ పొద్దున్నే చెప్పాడట కూడా. కానీ కట్టుకున్నది ఏదో పాత నూలు చీర, మాది కాదు.

"రా అల్లుడా, కూసో. మీ ఇంట్ల అందరు మంచిగున్నరా?"

నేను నిలబడే ఉండిపోయాను. పెళ్ళయి వచ్చి యాభై ఏళ్ళు దాటినా, మనవలు పుట్టినా, ఆమె నోట కొత్తవాడ ఇల్లు ఎప్పుడూ 'మనిల్లే'. "మనింట్ల చింతచెట్టు కాసిందా", "మనింట్ల బోరు పనిచేస్తాందా" అని అడిగేది. మీ ఇల్లు అనడం వినడం అదే మొదటిసారి. నాకు భయమేసింది. ఆమె లోపలికి వెళ్ళడానికి లేచి ఒక్క మెట్టు ఎక్కి ఆగింది. వాకిట్లో ఉన్న నాకు ఆమె ఊపిరి చప్పుడు వినిపించింది.

"ఆపరేషన్ ఎందుకు వద్దంటానవత్తా?"

"అయ్యేది ఎట్లనన్న అయితది తీ. చాయ తాగు."

నా మెసేజ్ గురించి అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే అవునంటుందేమోనని అడగలేదు. ముప్పై ఏళ్ళుగా పిల్లల్ని బోర్డు దగ్గర నిలబెట్టి జవాబు చెప్పమని దబాయించినవాణ్ణి, నేను పిరికివాణ్ణని ఆ రోజు చాయ తాగుతూ ఒప్పుకున్నాను. క్రిస్మస్‌కు తప్పకుండా రావాలని మాత్రం చెప్పి బయటపడ్డాను. కారులో తీసుకొస్తానని బావ మాటిచ్చాడు.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. మిద్దె మీద నక్షత్రం కట్టాను. గరిజెలు వత్తడానికి చెల్లె వచ్చింది. పాటల బృందం ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికీ వచ్చింది, వాళ్ళతో పాటు చప్పట్లు కొట్టాను. జేబులో ఫోన్ మోగితే చాలు ఏటూరునాగారం నుంచేననుకునేవాణ్ణి. పాలవాడి ఫోనైనా అంతే. ఆమె పోతే అందరూ గుండెజబ్బనే అంటారు. అట్లా కాదని నాకూ, మా ఆవిడకూ మాత్రమే తెలుస్తుంది.

క్రిస్మస్ నాడు చర్చి నుంచి అందరం మా ఇంటికి చేరాం. బావ కారు గుమ్మం దాకా వచ్చింది. మేనత్త తెల్ల చీరలో, కోడలి చెయ్యి పట్టుకుని దిగింది. బగారన్నం, కోడికూర తిన్నారు. ఆమె రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. తర్వాత మా ఆవిడ స్టీలు గిన్నెలో చీటీలు పోసి తెచ్చింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి తీశారు. చెల్లె తన పేరు తనకే వచ్చిందని గోల చేసి మళ్ళీ తీసింది. గిన్నె మేనత్త దగ్గరికి వచ్చింది. చెయ్యి లోపల పెట్టి చీటీలను అటూ ఇటూ కలిపింది గానీ ఒక్కటీ తీయలేదు.

"అల్లుడా, ఈ గిన్నెల నా చీర చీటీ ఉన్నదా?"

"ఏ చీర అత్తా?"

"నేను సచ్చినంక కప్పే చీర."

ఒక పిల్లవాడు ఇంకా చీటీ చదువుకుంటూ నవ్వుతుంటే వాళ్ళమ్మ వాడి నోరు మూసింది.

మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటి నుంచి, అంటే మా మాటలో తల్లిగారింటి నుంచి, చీర రావాలి. వచ్చి కప్పిన తర్వాతే పెట్టె మూస్తారు. తల్లిదండ్రులు లేకుంటే అన్నో తమ్ముడో తెస్తాడు, వాళ్ళూ లేకుంటే వాళ్ళ కొడుకు. ఇది బైబిల్లో ఎక్కడా లేదు. మా చర్చిలో దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎవరూ మానరు. ఏటేటా పండక్కి పెట్టే చీర, చివరికి ఆ చీర కూడా వస్తుందనే నమ్మకం. ఇదంతా పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి. అయినా ఆ మెసేజ్ పెట్టేటప్పుడు నాకు నీలం షర్టు బిట్టు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

"మీ నాయిన నాకు మాటిచ్చిండు. ఆయనే ముంగట పోయిండు" అంది మేనత్త. గొంతు పెంచలేదు. "నువ్వు బట్టలు బంద్ అన్నవు. పెట్టేది లేదు, తెచ్చేది లేదు అన్నవు. నేను తప్పు విన్ననేమో అని పదిసార్లు పెట్టుకొని విన్న. ఆ ఆపరేషన్ బల్ల మీద నాకేమన్న అయితె నీకు ఫోన్ చేస్తరు. నువ్వు ఉత్త చేతులతోని వస్తవ్. రూలు గద."

"అట్ల కాదత్తా..."

"సచ్చుడంటె నాకు బుగులు లేదు అల్లుడా. తల్లిగారి చీర లేకుంట పెట్టెల పండవెడితె చూసెటోళ్ళు ఏమంటరు? దీని ఎనుక ఎవ్వలు లేరంటరు. గంత దిక్కులేనిదాన్నా నేను?"

చెల్లె ఏడ్చేసింది. బావ తల్లి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపుకు నేను తగినవాణ్ణే. వెళ్ళి ఆమె ముందు కింద కూర్చున్నాను.

"అది చీటీల్ల ఉండదత్తా. అది నాది. నేనే తెస్త."

"మాటలొద్దు. మీ నాయిన గూడ మాటనే ఇచ్చిండు. కొను. నేను కండ్లతోని చూడాలె. అప్పటిదాక నన్ను దవాఖాన అని సతాయించకుండ్రి."

మర్నాడు పొద్దున, రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయిన ఆమెను తీసుకుని వరంగల్ చౌరస్తా దగ్గర మేం ఎప్పుడూ కొనే దుకాణానికి వెళ్ళాను. మెట్ల మీద రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చీర కొనకముందే ఇక్కడే, ఈ మెట్ల మీదే ఏమైనా అయిపోతుందేమోనని మిగిలిన మెట్లు లెక్కపెట్టుకున్నాను.

"పండుగ అయిపాయె గదమ్మా, ఇప్పుడేం ఫంక్షన్?" అన్నాడు దుకాణం సేటు.

"మా తల్లిగారోళ్ళు పెడతాండ్రు" అంది మేనత్త, గొప్పగా.

ఆమె వయసు చూసి ఆయన తెల్లవి, గంధం రంగువి తీశాడు. వాటిని పక్కకు నెట్టేసింది. "మందిరానికి బతికినన్నొద్దులు తెల్లదే కట్టిన. ఇది వేరే" అని, చాలాసేపు చూసి ఎర్ర అంచున్న ఆకుపచ్చ చీర ఎంచుకుంది. సేటు మడత విప్పి, అద్దం ముందు ఆమె భుజాల మీదుగా పరిచాడు. గిరాకీకి చూపించేటప్పుడు ఎవరికైనా అట్లాగే పరుస్తాడు, ఆయన తప్పేం లేదు. చీర మెడ నుంచి కాళ్ళ దాకా ఆమెను కప్పేసింది. నేను తల దించుకుని నేల చూశాను.

అద్దంలో నన్ను కనిపెట్టింది. "అటు చూస్తానవేంది? ఇటు చూడు. ఆ రోజు నేను చూస్తనా? నువ్వే చూడాలె. మంచిగున్నదా?"

తలెత్తి చూశాను. నవ్వుతోంది.

"మంచిగుందత్తా."

"అయితె మీ బావకు ఫోన్ చెయ్యి. ఆపరేషన్ కాయితాల మీద సంతకం పెడ్తనని చెప్పు."

సేటు కవరు ఆమెకు అందించబోతే తీసుకోలేదు, నాకివ్వమని చెయ్యి చూపించింది. ఆ చీర మా ఇంట్లోనే ఉండాలి, ఆ రోజు మా ఇంటి నుంచే రావాలి. కాబట్టి నా బీరువాలో, నా షర్టుల కింద పెట్టాను. స్కూలుకు పోయే ముందు షర్టు తీసేటప్పుడల్లా అది కింద ఉందో లేదో తడిమి చూసుకుంటాను. ఇది రాస్తున్న రోజు పొద్దున కూడా ఉంది.