టిఫిన్ డబ్బాలో ఫోన్

నిన్న పొద్దున సెంటర్ షట్టర్ తీస్తుంటే మా ఆఫీస్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. శరణప్ప కాకా ఇక లేడు. గుండెపోటు.

రెండుసార్లు చదివాను. మొన్న సాయంత్రమే నా పక్క కుర్చీలోంచి లేచి, "పోయొస్త బిడ్డా" అన్న మనిషి.

నారాయణఖేడ్‌లో మా ఆన్‌లైన్ సెంటర్‌లో నేను ఆపరేటర్‌ని. కాకా అప్లికేషన్లు రాసిచ్చేవాడు.

తినగానే ఖాళీ టిఫిన్ డబ్బాలో ఫోన్ పెట్టి మూత బిగించేవాడు. వెనక మెట్ల మీద పావుగంట ఊరికే కూర్చునేవాడు.

ఏంది కాకా అంటే, "నేను తిన్న. ఇప్పుడు ఫోన్ తింటుంది. జర సోంచాయించనియ్యి, ఆలోచన చేసుకోనియ్యి బిడ్డా" అనేవాడు.

నాగల్‌గిద్ద నుంచి ఒక అవ్వ ఆధార్ కార్డు పట్టుకుని పింఛను పని మీద వచ్చేది. మెషిన్ ఆమె వేలిముద్ర తీసుకునేది కాదు. "వేళ్లు అరిగిపోయినయ్ అవ్వా" అని మూడుసార్లు వెనక్కి పంపాను.

మూడోసారి కాకా చూశాడు. మెట్ల మీద కూర్చుని, కాసేపటికి లేచి, బస్టాండ్ దాకా పోయి ఆమెను తోలుకొచ్చాడు.

"అవ్వా, మీ ఇంట్ల నీ పేరే ఇంకెవ్వరికన్న ఉందా?"

"మా తోటికోడలుది గదే పేరు. కార్డులు రెండూ ఒక్క డబ్బాలనే ఉంటయ్."

ఆమె తెచ్చింది తోటికోడలి కార్డు. నేను నంబర్ కొట్టాను కానీ, దాని మీది ఫోటో వైపు చూడలేదు.

మా అమ్మకూ చదువు రాదు. మా ఇంట్లో మొదట బడికి పోయింది నేనే. ఆ అవ్వను తిప్పిందీ నేనే.

ఇంత తెలిసి కూడా, నెల తర్వాత మెట్ల మీద కూర్చున్న కాకా ఫోటో తీసి, "సర్వర్ డౌన్" అని రాసి గ్రూప్‌లో పెట్టాను.

అందరూ నవ్వారు. కాకా కూడా నవ్వే ఎమోజీ పెట్టాడు.

మర్నాటి నుంచి మెట్ల మీదికి పోలేదు. తిన్నాక మాలాగే ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు.

సారీ చెప్పాలని రోజూ అనుకున్నాను. రోజూ ఏదో పని అడ్డొచ్చింది.

నిన్న వాళ్లింటికి పోతే కాకా బిడ్డ అడిగింది. "అక్కా, ఫ్రేమ్ కట్టియ్యనీకి నాన్న మంచి ఫోటో ఉందా?"

నా దగ్గర ఉన్నది అదొక్కటే. కింది రాత లేకుండా పంపాను.

"నాన్న గింత నిమ్మళంగ ఉంటే నేనెన్నడు చూడలే. మంచిగ తీసినవ్ అక్కా" అని ఏడ్చింది.

ఎందుకు తీశానో చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను. ఆమె కూడా చదువుతుంది.

ఇవాళ తిన్నాక ఫోన్ డబ్బాలో పెట్టి మెట్ల మీద కూర్చున్నాను.

రెండు నిమిషాలు కూడా ఉండలేకపోయాను.

నిమ్మళంగా కూర్చో కాకా. ఇగ నిన్ను ఎవరూ లేపరు.