డెల్‌బర్ట్ తిన్న ఓక్ కాయలు

డెల్‌బర్ట్‌కు తెలియని చెట్టు మా మిజోరీ కొండల్లో లేదు. ఈ సంగతి ఆయనే మాకు చెప్పాడు. చెప్పుల దుకాణం మూసేశాక చెట్ల మీద పడ్డాడు. మెడలో భూతద్దం. చర్చిలోని ప్లాస్టిక్ మొక్కకు కూడా ఏదో పేరు చెప్పి, నీళ్లు తక్కువ పోయమన్నాడు. అలాగే చేస్తున్నాం. అది ఇంకా పచ్చగానే ఉంది.

నిరుడు మా శ్మశానంలో కొన్ని ఎర్ర ఓక్‌లు తెగులొచ్చి ఎండిపోయాయి. ఆ జాతివి మిగిలినవన్నీ కొట్టించి, తెల్ల ఓక్‌లు ఉంచాలని కమిటీ తీర్మానం. ఏది ఏదో తేల్చే పెద్దమనిషి డెల్‌బర్టే. నా భర్త రాయ్ సమాధికి నీడనిచ్చే చెట్టు ఏ జాతిదో ఎవరికీ తెలియదు. రాయ్ పోయాక మధ్యాహ్నాలు నేను కూర్చునేది దాని కిందే.

డెల్‌బర్ట్ ఒక ఆకు తెంపాడు. పొడుగాటి ఆకు, అంచంతా రంపప్పళ్లు. మొనలుంటే ఎర్ర ఓక్, గుండ్రంగా ఉంటే తెల్ల ఓక్. ఇది ఎర్ర ఓకేనని తీర్పు అయిపోయింది. ఎర్ర ఓక్‌కు మొన చివర వెంట్రుకలాంటి ముల్లుండాలి కదా అని ఆయన అక్క లోయిస్ సణిగితే, గాలికి రాలిపోయి ఉంటుందన్నాడు.

తెల్ల ఓక్ కాయ అంత చేదుండదంటారు, మీరోసారి రుచి చూడరాదా అని నేనడిగాను.

"ఎర్ర ఓక్ కాయ చేదుకు పంది కూడా ఉమ్మేస్తుంది నెల్డా. నాకెందుకమ్మా ఆ పని?"

శ్మశానంలో గడ్డి కోస్తూ రాయ్ ఆ చెట్టు కాయలు జేబులో వేసుకుని తినేవాడు. చెప్పబోయి ఊరుకున్నాను. చచ్చిపోయినవాడి జేబును ఎవరు సాక్ష్యానికి పిలుస్తారు?

చెట్లు కొట్టే మనిషి రావడానికి ముందు శనివారం, సమాధులు శుభ్రం చేయడానికి అందరం తలా ఒక వంటకంతో చేరాం. నేను ఆ కాయలే ఒలిచి, చేదు తీయడానికని నానబెట్టడం, ఉడకబెట్టడం ఏమీ లేకుండా, వెన్నా ఉప్పూ వేసి వేయించి తెచ్చాను. డెల్‌బర్ట్ ఒక గుప్పెడు తిన్నాడు. తర్వాత గిన్నె దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు.

"ఈ చెస్ట్‌నట్ గింజలు చిన్నవైనా కమ్మగా ఉన్నాయమ్మా. ఎక్కడివి?"

"రాయ్ దగ్గరి చెట్టువి. మీరు కొట్టించబోయేదే."

నమలడం ఆగింది.

"ఏరా, పంది కూడా ఉమ్మేస్తుందన్నావుగా," అంది లోయిస్. "నువ్వు ఉమ్మవేం?"

మింగాడు. భూతద్దం తీసి ఒక కాయను చాలాసేపు చూశాడు. ఇది తెల్ల ఓక్‌లలో చింకపిన్ అనే రకమనీ, తనకు మొదటినుంచీ అనుమానమేననీ ప్రకటించాడు. చెట్టు బతికింది.

ఇప్పుడు దాని మొదలు దగ్గర ఒక పలక ఉంది: చింకపిన్ ఓక్, గుర్తించినవారు డెల్‌బర్ట్. అక్షరాలు రాయ్ సమాధి రాతి మీది పేరు కన్నా పెద్దవి. ఉండనీ. కాయలు రాలే రోజుల్లో నేను అక్కడే కూర్చుని తింటాను, రెండు రాయ్ దగ్గర పెడతాను. డెల్‌బర్ట్ అటుగా వస్తే అడగడు. నా గిన్నె వైపు చూస్తాడు. నేను మూత పెడతాను.