జపాన్ వాళ్లకు కనబడని తాండ్ర

కొందరు పెళ్లి చెడగొడతారు, కొందరు విందు చెడగొడతారు. నేను ఒకేసారి రెండు దేశాల పని చెడగొట్టాను. ఎలాగో చెబుతాను, మొహమాటం లేకుండా నవ్వండి. మా వడమాలపేటలో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మా ఊరి ఆడవాళ్ల సంఘం మామిడి తాండ్ర చేస్తుంది. జపాన్‌లో ఒక చిన్న ఊరి మహిళలు, దాన్నెలా చేస్తారో వీడియోలో కళ్లారా చూస్తేనే తమ అంగడిలో పెడతామన్నారు. మామిడిపండ్ల కాలం అయిపోవస్తోంది. ఇది తప్పితే మళ్లీ ఏడాది దాకా ఆగాలి. అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పడానికి లావణ్య అనే మా ఊరి పిల్ల శ్రీ సిటీలోని తన జపాన్ కంపెనీ ఆఫీసు నుంచి వీడియోలో కలిసింది. కంప్యూటర్ బాధ్యత నాది. తిరుపతిలో కోర్సు చేసినవాణ్ణి, ఆ మాత్రం గర్వం ఉండదా?

తెరమీద తమ బొమ్మ కనబడితే అందరూ కొప్పులు సర్దుకుంటూ కూర్చుంటున్నారని, పొద్దున్నే మా బొమ్మ మాకు కనబడకుండా చేశాను. అంతలో సంఘం పెద్ద మునెమ్మక్క కుంకుమ పళ్లెంతో వచ్చింది.

“కొత్త ల్యాప్‌టాప్ గదా. బొట్టు పెట్టకుండా ఎట్ల మొదలుపెడతావప్పా?”

నిజమే కదా. మనిషికైతే నుదుట పెడతాం. దీనికీ తెర పై అంచున నట్టనడుమ గంధం పూసి, ఇంత కుంకుమ అద్దాను.

జపాన్ ఆడవాళ్లు తెరమీదికి వచ్చి, కళ్లు చికిలించి ముందుకు వంగారు.

“అన్నా, వాళ్లకేమీ కనపడలేదంట. నాకూ అంతే,” అంది లావణ్య.

“ఈడంతా బాగుండాది. వాళ్ల నెట్టూ దండగ, నీ నెట్టూ దండగ. ఆపి మళ్లీ పెట్టమను.”

పాపం, పెట్టారు. వైరు మార్చమంటే మార్చారు. మెకానిక్‌ను కూడా పిలిపించారు. ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. నేను సముద్రం అవతలి మద్దెలను తిట్టాను. రాకెట్లు పంపే జిల్లా మాది, తప్పు మాదెట్లవుతుందని కూడా అన్నాను. ఈలోగా మావాళ్లు రసం వడగట్టి చాపమీద పోసి పరిచేశారు. మునెమ్మక్క చేతులు కడుక్కుని వచ్చింది.

“కెమెరా యాడుంటుందప్పా?”

చూపిద్దామని వేలు పెట్టాను. వేలికి కుంకుమ అంటింది.

అక్క కొంగుతో తుడవగానే అవతల అందరూ చప్పట్లు కొట్టారు. కానీ చూపించడానికి ఖాళీ గిన్నెలే మిగిలాయి. నా తిట్లు వాళ్లకు చెప్పలేదు కదా అని లావణ్యను మెల్లగా అడిగాను.

“చెప్పమంటివి గదన్నా. అంతా చెప్పినాను.”

వాళ్లలో పెద్దావిడ లేచి, నడుము దాకా వంగి, తమ నెట్టు బాగాలేనందుకు క్షమించమంది. సిగ్గుతో చచ్చిపోయాను. రేపు ఇంకో గంప పండ్లు పిండుతాం, చూడమని మునెమ్మక్క చెప్పించింది. వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. మీ కంప్యూటర్ సారు బాగా అలసిపోయారు, రేపు మాత్రం ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోమనండి అని ఎంతో మర్యాదగా కోరారు.

కనుక పదిమంది ముందు ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ దేశం వాళ్ల నెట్టునూ నిందించను. ఎవరు కనబడలేదన్నా, ముందు మావైపే తుడుస్తాను.