పత్తి బండికి సాగే కడ్డీ అద్దం

పత్తి కాలంలో మా ఆయన నాకు మొగుడు కాదు, బండికి మొగుడు. కాయలు పగలడం మొదలైతే చాలు, గోదావరి అవతల ఆదిలాబాదు పల్లెల్లోనే తిరిగేవాడు. అక్కడ ఊరూరా పత్తి కూరిన గోనె బోరాలు ఎత్తుకొని, నిర్మల్ మీదుగా మా మెట్‌పల్లి దారిన వచ్చి, కరీంనగర్ దాటి జమ్మికుంట బజారులో దించేవాడు. దారిలో మా ఊరు తగులుతుంది కాబట్టి ఒక పూట ఆగి, తిని, కాసేపు నడుం వాల్చి మళ్లీ పోయేవాడు. ఆ పూటే మా కాపురం.

బండి సేటుది. యుద్ధం అయిపోయాక మిలిట్రీవాళ్లు అమ్మేసిన చిన్న ట్రక్కు. ముందు మూతి, వెనక తెరిచిన తొట్టి. అది చాలక సేటు దాని తోకకు ఒక ట్రేలరు తగిలించాడు. పత్తికి బరువు తక్కువ, ఉబ్బు ఎక్కువ. బోరాలు పేర్చి మోకులు బిగించేసరికి ట్రేలరు ముందున్న ట్రక్కు కంటే రెండు పక్కలా మూరెడు బయటికి పొంగేది. తలుపుకు అరచెయ్యంత అద్దం ఒకటి ఉండేది. దాంట్లో చూస్తే బోరాలే. వెనకాల బస్సు వచ్చి కూత పెట్టినా ఇంజను మోతలో వినబడక, దాటిపోతూ వాళ్లు తిట్టే తిట్లతోనే మా ఆయనకు బస్సు సంగతి తెలిసేది.

నా బాధ వేరే. మా అత్తకు శకునం పట్టింపు. కొడుకు బయలుదేరితే కోడలు నిండు బిందెతో ఎదురు రావాలి. పోయేవాడు వెనక్కి తిరిగి చూడొద్దు. ఉన్నవాళ్లు వెనకనుంచి పిలవొద్దు. ఎదురు వచ్చిన మనిషి కూడా వెనక్కి మళ్లి చూడొద్దు, శకునం చెడుతుందట. అంటే నేను బిందె నెత్తిన పెట్టుకొని ఎదురు నడిచి, ముందటి అద్దంలోంచి ఆయన మొహం ఒక రెప్పపాటు చూసి, బండి పక్కనుంచి ఇంట్లోకి పోవాలి. అంతే. వీపు వెనక మోత సన్నబడుతూ ఉండేది. మళ్లీ వారానికో పక్షానికో. పెళ్లయి ఏళ్లు గడిచినా ఆయన పోవడం నేను ఒక్కసారీ చూడలేదు. నేను నిలబడటం ఆయనా చూడలేదు. ఇది ఎవరికీ చెప్పుకునే బాధ కాదు. చెబితే నవ్వుతారు.

ఒకసారి నన్ను కరీంనగర్ అవతల మా తల్లిగారింటికి దింపడానికి బండిలో ఎక్కించుకున్నాడు. వెనక నిండా పత్తి. దారిలో చెప్పాడు, సేటు కొత్త అద్దం కొనమన్నాడని.

"మంచిది కొను," అన్నాను.

"మంచిదంటె?"

"నేను కనబడేటిది."

ఆయన రోడ్డు మీదినుంచి కళ్లు తీయలేదు గానీ, మీసం కింద నవ్వు దాచుకోవడం నాకు తెలిసింది. "వెనక్కి చూడొద్దని మా అవ్వ అంటది గద?"

"అత్తమ్మ మెడ తిప్పద్దన్నది. అద్దంల చూడద్దని ఏనాడన్న అన్నదా?"

"నీకు వకీలు నౌకరి ఇయ్యాలె," అన్నాడు.

కరీంనగర్‌లో పాత మోటారు సామాన్ల దుకాణం ముందర బండి ఆపాడు. దుకాణదారు మెహందీ గడ్డం పెద్దమనిషి. మూడు అద్దాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి తళతళలాడే పెద్దది, కానీ కడ్డీ పొట్టి. దాన్ని తలుపుకు ఆనించి చూడగానే మా ఆయన తల ఊపాడు. అదీ బోరాల దగ్గరే ఆగిపోయింది. మిగతా రెంటికీ గొట్టంలో గొట్టం దూరి ఉంది. మర వదులు చేసి లాగితే చెయ్యి చాచినట్టు బయటికి సాగుతుంది, నెడితే లోపలికి పోతుంది. వాటిలో ఒకటి గుండ్రంగా పొట్ట ఉబ్బినది, ఇంకోటి పలకలాగా సాపు.

"డ్రైవర్ సాబ్, గీ గుండ్రంది తీస్కో. దునియా మొత్తం చూపిస్తది," అన్నాడు దుకాణదారు. దాన్ని తలుపుకు కట్టి గొట్టం చివరిదాకా లాగాడు.

మా ఆయన సీట్లో కూర్చున్నాడు. నేను ట్రేలరు వెనక్కి నడిచాను.

"కనబడుతున్ననా?" అని అరిచాను.

"బోరాలు కనబడుతున్నయ్, చక్రం కనబడుతుంది, బజారంత కనబడుతుంది. నువ్వు ఏడున్నవే?"

"గీడ! చెయ్యి ఊపుతున్న!"

"ఆఁ, ఉన్నవ్ ఉన్నవ్. చీమ లెక్క ఉన్నవ్!"

బజారులో నలుగురూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "నేను చీమనైతె గిది అద్దం కాదు," అన్నాను గట్టిగా. దుకాణదారు గడ్డం నిమురుకుంటూ, "అరె అమ్మా, నిన్ను చూసుడుకు అద్దం కొంటుండా, బండి నడుపుడుకు కొంటుండా?" అన్నాడు. "రెంటికీ," అన్నాను. నాకు దాపరికం రాదు.

అప్పుడు సాపు అద్దం కట్టారు. నేను వెనక్కి పోయి నిలబడ్డాను. ఈసారి ఆయన అద్దంలోకి వంగి చూశాడు. జర ఇటు, జర అటు అని నన్ను నడిపించాడు. తర్వాత, "ముక్కుపుల్ల గూడ కనబడుతుంది," అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు గానీ దుకాణదారు విననే విన్నాడు.

దిగి వచ్చి ఆయన దుకాణదారుతో చెప్పిన మాట మాత్రం పని మాట. "గుండ్రంది మోసం చేస్తది భాయ్. దగ్గరున్న బస్సును దూరం చూపిస్తది. ఇంక జాగ ఉన్నదనుకొని పక్కకు తీస్తె ఖతం. గీ సాపుదాంట్ల తక్కువే కనబడుతది, కనబడ్డది నిజం." ఆ మాట బండి కోసమన్నాడో నా కోసమన్నాడో ఆయన్ని నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు. ముసలితనంలో మనవరాలి పలక మీద దిద్ది నేర్చుకున్న ఈ అక్షరాలతో రాసుకోవడమే మిగిలింది.

అద్దమైతే కొన్నాం గానీ, ఇద్దరం ఒక సంగతి మరిచిపోయాం. మా ఊళ్లో బాట ఇరుకు. రెండు పక్కలా చూరులు రోడ్డు మీదికి వంగి ఉంటాయి. కడ్డీ సాగదీస్తే చూరుకు తగిలి అద్దం పగులుతుంది. అందుకని ఊరు దాటేవరకు దాన్ని లోపలికి నెట్టి, వాగు దగ్గర బాట వెడల్పయ్యాక దిగి లాగాలి. నేను ఎదురు వచ్చేదేమో ఇంటి ముందర. అక్కడ అద్దం ముడుచుకొనే ఉంటుంది. బజారు నడిమిట్ల నిలబడి అంత గొడవ చేసి ఏరి తెచ్చుకున్నది, నేను తల్లిగారింటి నుంచి తిరిగి వచ్చాక ఇంటి ముందర మళ్లీ బోరాలనే చూపించింది.

ఆ రోజు మా అత్తతో అన్నాను, "అత్తమ్మా, ఇగనుంచి వాగు కాడ ఎదురస్త."

"ఇంటి ముంగట రాక వాగు కాడ ఎందుకే?"

"నీళ్లు ఆడియే గద. ముంచిన బిందె ముంచినట్టే ఎదురస్తె ఇంక మంచిది."

అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నీళ్ల మీద అంత ప్రేమ, అంత పావురం ఎన్నడొచ్చిందే నీకు? సరే పో. మళ్లి మాత్రం చూడకు."

ఆయన మళ్లీ బయలుదేరిన నాడు, వాగులో బిందె ముంచుకొని ఒడ్డెక్కేసరికి బండి వచ్చి ఆగింది. ఆయన దిగి, మర వదులు చేసి, గొట్టం లాగి బిగించాడు. నావైపు చూడలేదు. ఎక్కి కూర్చున్నాక నేను ఎదురు నడిచాను. బండి పక్కనుంచి, బోరాల పక్కనుంచి, ట్రేలరు చక్రాలు దాటి పోయి ఆగాను. అత్త మాట చెవిలో ఉంది. నెత్తి మీద నిండు బిందె ఉంటే మెడ ఒక్కటే తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. తిరిగాను.

అద్దంలో ఆకాశం ఉంది. కొద్దిగా పత్తి ఉంది. ఆయన లేడు. పక్కకు జరిగాను, తుమ్మ ముళ్లలోకి. ఇంకొంచెం జరిగాను. ఆయన చెవి వచ్చింది, తలపాగ అంచు వచ్చింది. ఇంక జరగడానికి చోటు లేదు, కింద వాగు.

అప్పుడు తలుపులోంచి చెయ్యి బయటికి వచ్చింది. ఊపడానికేమో అనుకున్నాను. కాదు, అద్దం అంచు పట్టుకొని నావైపు కొంచెం తిప్పింది. ఆయన మొహం పూర్తిగా వచ్చింది. ఇంజను వణుకుతోంది, అద్దం వణుకుతోంది, ఆ మొహమూ వణుకుతోంది. నవ్వుతున్నాడో ఏమో నేను చెప్పలేను. కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి. ఆయన నన్ను చూస్తే నేనూ ఆయన్ని చూస్తానని దుకాణంలో నాకు తోచనే లేదు.

ఎవరూ ఎవరినీ పిలవలేదు.

బండి కదిలింది. నన్ను చూపించే అద్దం రోడ్డును చూపించదు. ఆ సంగతి నాకూ తెలుసు. వాగు ఎత్తు ఎక్కాక ఆ చెయ్యి మళ్లీ బయటికి వచ్చి అద్దాన్ని ఎప్పటిలాగా తిప్పుకుంది. ముందు ఆయన కళ్లు పోయాయి, తర్వాత మీసం, తర్వాత తలపాగ. వాటి జాగాలోకి పత్తి వచ్చింది.