వెనక సీట్లో విన్న కథ

మూడేళ్ల క్రితం, మాట్లాడాల్సిన చోట నేను నోరు మూసుకున్నాను.

కెనడాలోని మిస్సిసాగాలో మా తెలుగు సంఘం పిల్లలకు పోటీ పెట్టింది. ఒక ఇంగ్లిష్ జానపద కథను తెలుగులో సొంతంగా చెప్పాలి. పెద్దలు రాసివ్వకూడదు. మావాడు నిహాల్, ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచే విలుకాడి కథ చెప్పాడు. అది నేను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిస్తే వాడు బట్టీ పట్టిందే.

తర్వాత పక్కింటి పద్మగారి అమ్మాయి మనస్వి, రాయిలోంచి కత్తి తీసి రాజైన కుర్రాడి కథ ఎత్తుకుంది. "లాగితే రాలేదు, బతిమాలితే వచ్చింది" అనగానే హాలంతా నవ్వింది.

"ఇంత మంచి తెలుగా! అమ్మ రాసిచ్చిందా?" అన్నారు న్యాయనిర్ణేత.

"నో అంకుల్, నేనే! ఈ అంకుల్ కార్లోనే ప్రాక్టీస్ చేశా" అని నన్ను చూపించింది.

నిజమే. ప్రతి శనివారం తెలుగు క్లాసుకు వెళ్తూ నా కారు వెనక సీట్లోనే ఆ కథ అల్లింది. నోరు విప్పితే మావాడినీ ప్రశ్నిస్తారని తల దించుకున్నాను. పెద్దలు రాసిచ్చారనుకుని మనస్విని పోటీ నుంచి తప్పించారు. మొదటి బహుమతిగా ఇచ్చే కప్ నిహాల్‌కి వచ్చింది. ఆ పిల్ల తెలుగు క్లాసే మానేసింది.

కిందటి నెల అదే పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఇక దాచకూడదనుకుని, నిహాల్‌తో ఆ మాటే అన్నాను.

"చెప్పెయ్ నాన్నా, ఆ కప్ నాకెప్పుడూ నచ్చలేదు" అన్నాడు నిహాల్.

తల్లీకూతుళ్లను బతిమాలి రప్పించాను. మైకు తీసుకుని అందరి ముందూ జరిగిందంతా చెప్పి, మనస్వి వైపు తిరిగాను.

"ఆ రోజు నేను లేచి నిలబడాల్సింది. భయపడ్డాను. నన్ను క్షమించమ్మా."