పదహారో డబ్బా

గాలిని పరీక్షించే మా ల్యాబు గదిలో ఖాళీ అనే మాటకు అర్థం వేరు. లోపలి గాలంతా పంపుతో లాగేసిన ఉక్కు డబ్బాను ఖాళీ అంటాం, అంటే విమానం ఎక్కడానికి సిద్ధమని. పైకి వెళ్ళాక వాల్వు తిప్పితే ఆ ఎత్తులోని గాలి లోపలికి దూరుతుంది. అప్పుడు డబ్బా మెడకు కట్టిన చీటీని ‘నిండింది’ వైపు తిప్పాలి. ఈ డబ్బాలను ఇరవై రెండేళ్ళుగా సిద్ధం చేస్తున్నవాడు మా డబ్బాల బాబాయ్. పక్క బల్ల దగ్గర కూర్చుని వాటి నంబర్లు రాసేదాన్ని నేను. ఆయన ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. “నా డబ్బాలు ఎక్కుతున్నాయిగా, చాల్లే” అనేవాడు.

ప్రతి వేసవికీ డిగ్రీ పిల్లలు ఎనిమిదిమంది వచ్చి, తలా ఒకసారి విమానంలో తిరిగి, గాలిని కొలిచి, చివర్లో ఓ వ్యాసం చదివి పోయేవాళ్ళు. బాబాయ్ అనే మనిషి ఉన్నాడన్న సంగతే సగంమందికి పట్టేది కాదు. ఓ ఏడాది వచ్చిన బక్కపిల్ల మాత్రం మొదటిరోజే ఆయన పక్కకు స్టూలు లాక్కుంది.

“మా వీధి వెనకే రంగుల ఫ్యాక్టరీ ఉంది బాబాయ్. మా అమ్మ దగ్గితే పక్కింటి కుక్క లేస్తుంది. గాలికేం, బంగారంలా ఉందంటారు ఫ్యాక్టరీవాళ్ళు. పదహారు డబ్బాలివ్వు, తేల్చేస్తా.”

“డబ్బాలేం ఖర్మ, నన్నే పట్టుకుపో” అన్నాడాయన. పని మొత్తం దగ్గరుండి నేర్పాడు.

తన వంతు రాగానే ఆ పిల్ల పైలట్‌ను బతిమాలి తమ వీధి మీదుగా మూడు చుట్లు తిప్పించిందట. దిగేసరికి మొహాన నెత్తురు చుక్క లేదు, దారంతా వాంతులే. డబ్బాల పెట్టె మా గుమ్మంలో పెట్టేసి పోయి పడుకుంది.

మర్నాడు పొద్దున బాబాయ్ పెట్టె తెరిస్తే పదహారు చీటీలూ ‘ఖాళీ’ వైపే ఉన్నాయి. “పాపం, ఒక్కటీ తెరవలేకపోయింది” అంటూ, కాస్తో కూస్తో గాలి దూరి ఉంటే పోతుందని మళ్ళీ పంపుకు తగిలించాడు. తగిలించేముందు, లోపల గాలి ఉందో లేదో చెప్పే మీటరు ముల్లు చూడాలి. ఎవరి డబ్బా అయినా చూసేవాడు. తను నేర్పిన పిల్ల చీటీ తప్పు పెట్టదన్న నమ్మకంతో ఆ రోజు చూడలేదు.

పదిహేనోది అవుతుండగా ఆ పిల్ల వచ్చింది. “పదహారూ నింపా బాబాయ్!”

ఆయన చీటీల వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. “అయ్యో, తిప్పలేదు” అంది. పంపు ఆపడానికి బాబాయ్ చేతికి స్విచ్చు దొరకలేదు. నేనే లేచి ఆపాను.

ఒక్క డబ్బాతో ఏమీ రుజువు కాదన్నాడు మా ప్రొఫెసర్. విమానం ఆ వారమే వేరే పనికి వెళ్ళిపోయింది. “ముల్లు చూడాల్సింది నేనే తల్లీ” అని బాబాయ్, “చీటీ తిప్పాల్సింది నేను” అని ఆ పిల్ల. నాకు ఇద్దరిమీదా ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. చివరిరోజు అందరూ వ్యాసాలు చదివితే ఆ పిల్ల “చెప్పడానికేం లేదండీ” అని కూర్చుంది. మళ్ళీ రాలేదు.

మిగిలిన పదహారో డబ్బాకు చీటీ ‘నిండింది’ వైపు తిప్పి, బాబాయ్ తన అలమరలో పెట్టుకున్నాడు. మరుసటి వేసవికి డబ్బాలు చాల్లేదు. దాన్నీ ఖాళీ చెయ్యమని పైనుంచి చెప్పారు.

ఈసారి ముందు ముల్లు చూశాడు. నిండుగానే ఉంది. పంపుకు తగిలించి, స్విచ్చు దగ్గర్నుంచి పక్కకు జరిగాడు.

“వాళ్ళ వీధి ఉందమ్మాయ్ దీంట్లో. నావల్ల కాదు, నువ్వే నొక్కు.”

నొక్కాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.